సర్కారు వారి ఆపరేటింగ్ సిస్టమ్

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాక నుంచి ఈశాన్యంగా దాదాపు ఇరవై కిలోమీటర్లు పోతే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. తూర్పుకు నాలుగైదు కిలోమీటర్లు పోతే కంచన్‌బాగ్. పడమర దిక్కున, నగరం ఆ చివర, గచ్చిబౌలి. మొదటి చోట యాభై ఏళ్ల కిందట భారత ప్రభుత్వం సొంతంగా కంప్యూటర్లు తయారుచేసి అమ్మింది. రెండో చోట క్షిపణులు చేసే రక్షణ ప్రయోగశాలలున్నాయి. మూడో చోట మైక్రోసాఫ్ట్ ఉంది. ఛత్రినాక, గౌలిపురా, ఉప్పుగూడ సందుల్లోని జిరాక్స్ దుకాణాలు, నెట్ సెంటర్లు, ఫ్లెక్సీ షాపుల్లో కంప్యూటర్లు నడిచేది మాత్రం ఆ మూడో చోటి సరుకు మీదే. చాలాచోట్ల ఆ సరుకుకు ఎవరూ పైసా కట్టలేదన్నది వేరే ముచ్చట.

2023 ఆగస్టులో ఢిల్లీలోని రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లలోంచి విండోస్ తీసేసి ‘మాయా’ అనే దేశీయ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తోందని పత్రికల్లో వచ్చింది. చాలామంది అది మొదటిసారి జరుగుతున్న వింత అనుకున్నారు. నిజానికి సర్కారు ఇలాంటి పనికి దిగడం కొత్త కాదు. దాని మొదటి అధ్యాయం మన ఊళ్లోనే నడిచింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వరస చూస్తే ఒకటి తేలుతుంది: ఆపరేటింగ్ సిస్టమ్ చేయడం మన సర్కారుకు చేతకాక కాదు. అది చేసిన ప్రతిసారీ ఏదో ఒక భయంతో చేసింది. భయపడేది ఢిల్లీ. వాడాల్సింది ఛత్రినాక. ఈ ఇద్దరికీ మధ్య మాటామంతీ ఎప్పుడూ జరగలేదు.

యుద్ధాల నీడలో ఒక కంపెనీ

1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక ఢిల్లీకి ఎలక్ట్రానిక్స్ మీద బెంగ పట్టుకుంది. రాడార్లు, వైర్‌లెస్ సెట్లు, లెక్కల యంత్రాలు అన్నీ బయటి నుంచి రావాల్సిందే. 1963 ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. 1965 యుద్ధంలో అమెరికా సైనిక సాయం ఆపేయడంతో బెంగ కాస్తా భయమైంది. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో పోయారు. కమిటీ నివేదిక ఆ ఏడే వెలువడింది. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసీఐఎల్, పుట్టింది.

దాన్ని నిలబెట్టిన మనిషి అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, స్టాన్‌ఫోర్డ్ వెళ్లి వచ్చి, ట్రాంబే అణు కేంద్రంలో భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ పని చూసిన ఇంజినీరు. అణు రియాక్టర్లకు కావాల్సిన పరికరాలు బయట కొనడం దేనికి, మనమే చేసుకుందాం అన్న పట్టుదల ఆయనది. ఇవాళ ఏఎస్ రావు నగర్‌కు షాపింగ్‌కు పోయేవాళ్లలో ఆ ఏఎస్ రావు ఎవరో ఎంతమందికి తెలుసునో!

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, పొట్టిగా టీడీసీ. 1969లో ట్రాంబేలో తయారైన టీడీసీ-12ను ఈసీఐఎల్ అమ్మకం సరుకుగా మలిచింది. 12 బిట్ల యంత్రం. జ్ఞాపకశక్తి 4కే, అంటే ఇప్పటి లెక్కలో ఆరు కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్ మీద నడిచే మైక్రో-78 వచ్చాయి.

ఆ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. ఇప్పుడు బటన్ నొక్కితే తెర వెలుగుతుంది, రంగుల బొమ్మ వస్తుంది, మౌసు కదులుతుంది. ఆ తరం మినీ కంప్యూటరుకు బటన్ నొక్కితే ఏమీ రాదు. దానికి ఏం చేయాలో దానికే తెలియదు. ముందు పలక మీద వరసగా చిన్న చిన్న మీటలుంటాయి. పైకంటే ఒకటి, కిందికంటే సున్నా. ఆపరేటరు మీటలు సర్ది, ఒక అంకె లోపలికి తోస్తాడు. మళ్లీ సర్ది మరో అంకె. ఇలా చేతితో ఎక్కించిన నాలుగు ఆదేశాల పని ఒకటే, కాగితపు టేపు మీది చిల్లులు చదవడం. ఆ టేపు మీద ఇంకాస్త పెద్ద ప్రోగ్రాం ఉంటుంది. అది లోపలికి పోయాక అసలు పని టేపు. మధ్యలో టేపు చిరిగిందో, ఒక మీట తప్పు పడిందో, మళ్లీ మొదటి నుంచి. అప్పటి మినీ కంప్యూటర్లన్నింటిదీ దాదాపు ఇదే తంతు. యంత్రం, దాన్ని నడిపే ప్రోగ్రాం, దాన్ని రాసిన మనిషి ముగ్గురూ ఒకే గదిలో ఉండేవారు. కాబట్టి సొంత కంప్యూటర్ చేసిన ప్రతి సంస్థా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా తానే పేర్చుకోవాల్సి వచ్చేది. ఈసీఐఎల్ చేసిందీ అదే.

ఎవరు కొన్నారు? ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. 1971, 1978 మధ్య అమ్ముడైనవి వంద లోపే. ధర ఎక్కువ, చేతికందేసరికి ఆలస్యం అన్న విమర్శలు అప్పుడే ఉన్నాయి. అందులో నిజమూ ఉంది. అయితే పోటీ ఎవరితోనో గుర్తుంచుకోవాలి. 1970ల మొదట్లో దేశంలో కంప్యూటర్ అంటే ఐబీఎం. వాళ్లు అమెరికాలో మూలన పడేసిన 1401 యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకు తిప్పేవారు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమంది. ఐబీఎం ఒప్పుకోలేదు. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ తగ్గలేదు. 1978లో ఐబీఎం మూటాముల్లె సర్దుకుంది. వాళ్లు వదిలి వెళ్లిన యంత్రాల మరమ్మతు బాధ్యత 1975లో పెట్టిన ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ నెత్తిన పడింది.

ఐబీఎం పోయింది కాబట్టి ఇక ఈసీఐఎల్‌దే రాజ్యం అనుకుంటాం. జరిగింది దానికి పూర్తి ఎదురు. అదే 1978లో మినీ కంప్యూటర్ల తయారీని ప్రైవేటుకు తెరిచారు. హెచ్‌సీఎల్, డీసీఎం, ఆ వెనక విప్రో రంగంలోకి దిగాయి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ కంప్యూటర్ విధానం దిగుమతుల తలుపు ఇంకాస్త తెరిచింది. 1980ల నడుమకు వచ్చేసరికి ఈసీఐఎల్ కూడా అమెరికా కంపెనీ కంట్రోల్ డేటాతో ఒప్పందం చేసుకుని, వాళ్ల యంత్రాలను ఇక్కడ కూర్చే పనికి ఒప్పుకుంది. సొంత యంత్రంతో మొదలైన సంస్థ ఇరవై ఏళ్లకు ఇంకొకరి నమూనా దగ్గరికి చేరింది. చేతకానితనం అని తేల్చేయడం తేలిక. కానీ ఆ ఇరవై ఏళ్లలో అక్కడ చేయి తిరిగిన ఇంజినీర్లు తర్వాత దేశమంతా పనిచేశారు. నాకు లోపం అనిపించేది మరొకటి. టీడీసీని ఇంజినీర్లు చేశారు, ఇంజినీర్ల కోసం చేశారు. ఇంట్లో కంప్యూటర్ అన్న ఊహే లేని కాలంలో దాన్ని తప్పనలేం. అదే అలవాటు, ఇంటింటికీ కంప్యూటర్ వచ్చాక కూడా, సర్కారును వదలకపోవడమే సమస్య.

అదే కాలంలో బ్యాంకుల్లో ఒక చిత్రం జరిగింది. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న సి.రంగరాజన్ కమిటీ 1984లో శాఖల కంప్యూటరీకరణకు దారి వేసింది. తర్వాతి రోజుల్లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారే, ఆయనే. శాఖల్లో పెట్టే యంత్రాలకు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రమాణంగా ఎంచుకున్నారు. సర్కారు ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ రాయలేదు. ఫలానాది కొంటాం అని మాత్రం చెప్పింది. అంతే, దేశీయ కంపెనీలన్నీ యూనిక్స్ వెంట పరుగెత్తాయి. యూనిక్స్ తెలిసిన కుర్రాళ్ల తరం ఒకటి తయారైంది. కొనేవాడి మాటకున్న బలం ఎంతటిదో అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆపరేటింగ్ సిస్టమే లేని యంత్రం

ఈసీఐఎల్ నుంచి ఛత్రినాకకు నిజంగా చేరిన కంప్యూటర్ లాంటిది ఒకటుంది. ఓటింగ్ యంత్రం. 1977లో ఎన్నికల సంఘం అడిగితే, 1979 నాటికి ఈసీఐఎల్ నమూనా చేసింది. 1980 ఆగస్టు 6న పార్టీల ముందు నడిపి చూపించారు. 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి ఓట్లు వేయించారు. 2004 లోక్‌సభ ఎన్నికలు పూర్తిగా ఈవీఎంలతోనే జరిగాయి. ఇప్పుడు ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ రెండూ వీటిని తయారుచేస్తాయి. 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలబడితే ఒక్కో కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చి పోలింగ్ జరిపారు.

ఇందులో విశేషం ఏమిటంటే, ఈ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఒకే ఒక్క పని చేసే ప్రోగ్రాంను చిప్పు మీద ఒక్కసారి చెక్కేస్తారు, మళ్లీ మార్చడానికి ఉండదని ఎన్నికల సంఘం చెబుతుంది. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఆ తగువు ఇక్కడ వద్దు. సర్కారు తయారుచేసి జనం ముందు పెట్టిన యంత్రాల్లో, చదువురాని అవ్వ కూడా జంకు లేకుండా వాడిన యంత్రం ఇదే. కారణం, గుర్తు పక్కన బటన్ తప్ప ఇంకేమీ లేకపోవడం.

విండోస్ ఎక్కించే కాలం

1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. ఇక్కడి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి అధిపతి అయ్యారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. పాతబస్తీకి విండోస్ వచ్చిన దారి మాత్రం సైబర్ టవర్స్ మీదుగా రాలేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ మీదుగా వచ్చింది. విడిభాగాలు కొని, అక్కడే కుర్రాడితో బిగించుకుంటే, వాడే ఓ రైటబుల్ సీడీ తీసి విండోస్ ఎక్కించి ఇచ్చేవాడు. చెడితే మళ్లీ ఫార్మాట్. ఆ సీడీ మీద మార్కర్‌తో రాసిన అంకెలే లైసెన్సు.

ఆషాఢంలో ఛత్రినాక ఫ్లెక్సీ షాపులో ఒక పూట నిలబడితే విండోస్ పట్టు ఎందుకింత గట్టిదో తెలుస్తుంది. లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలకు వారం ముందు నుంచి ఆపరేటరుకు తల ఎత్తే తీరిక ఉండదు. అమ్మవారి బొమ్మ పైన, నాయకుడి బొమ్మ పక్కన, గల్లీలో చందా ఇచ్చిన పదిహేను మంది ముఖాలు కింద గుండ్రాల్లో. బొమ్మలు ఫొటోషాప్‌లో కోసి, కోరల్‌డ్రాలో పేర్చి, తెలుగు అక్షరాలు అను ఫాంట్లలో కొడతాడు. అతని వేళ్లు యాపిల్ కీబోర్డు అమరికకు అలవాటు పడ్డాయి. తెర చూడడు, కీబోర్డు చూడడు, వచ్చినవాడు చెబుతుంటే పేర్లు పడిపోతుంటాయి.

ఆ అను అక్షరాల్లోనే ఉంది కిటుకు. పైకి తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లిషు అక్షరాల అరల్లో దాచిన బొమ్మలవి. ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అమ్మవారి పేరు స్థానంలో పిచ్చి గుర్తులు బారులు తీరతాయి. ఆ ఫాంట్లు, వాటిని టైపు చేయించే సాధనం, కోరల్‌డ్రా అన్నీ విండోస్ కోసమే పుట్టాయి. ఛత్తాబజార్ శుభలేఖల ప్రెస్సుల నుంచి జిల్లా కేంద్రాల కరపత్రాల దాకా రెండు తరాల తెలుగు డీటీపీ ఈ ముడి మీదే బతికింది. పాత ఫైళ్లన్నీ అందులోనే. ఇలాంటి షాపుకు వెళ్లి దేశీయ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘‘గదంత మంచిదే గానీ అన్నా, దీంట్ల నా ఫైళ్లు తెరుచుకుంటయా?’’

బాస్ వచ్చాడు

ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకుండానే సర్కారు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. 2005లో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ చెన్నై కేంద్రం, అన్నా విశ్వవిద్యాలయంలోని ఏయూ-కేబీసీ పరిశోధన కేంద్రం కలిసి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ జాతీయ వనరుల కేంద్రాన్ని మొదలుపెట్టాయి. 2007 జనవరిలో అక్కడి నుంచి భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ వెలువడింది. పొట్టి పేరు బాస్. అంతా కొత్తగా రాసింది కాదు. ప్రపంచమంతా ఉచితంగా పంచుకునే లినక్స్ కుటుంబంలో డెబియన్ అనే శాఖను తీసుకుని, భారతీయ భాషలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ చేర్చారు. బడులకు ఎడ్యుబాస్ అని వేరే రూపం చేశారు. తర్వాతి కూర్పులకు అనోఖా, అనూప్, దృష్టి, ఉన్నతి, ఊర్జా, ప్రజ్ఞా అని పేర్లు పెట్టుకుంటూ వచ్చారు.

ఇది ‘సొంత’ ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా అవుతుందని వెక్కిరించేవాళ్లున్నారు. ఆ వెక్కిరింతలో పస లేదు. చైనా కైలిన్, రష్యా ఆస్ట్రా, తుర్కియే పార్దుస్, క్యూబా నోవా అన్నీ ఇప్పుడు నడిచేది ఇలాంటి పునాదుల మీదే. కోట్ల వరసల కోడ్‌ను ఒక దేశం ఒంటరిగా మొదటి నుంచి రాయడం అనవసర ప్రయాస. లోపల ఏముందో విప్పి చూసుకునే వీలు, మార్చుకునే హక్కు ఉంటే చాలు.

బాస్ చేరిన చోట్లు ఉన్నాయి. తమిళనాడులో ప్రభుత్వ సంస్థ ఎల్‌కాట్, సి.ఉమాశంకర్ అనే ఐఏఎస్ అధికారి సారథ్యంలో 2006-07లోనే తన కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి చేయూత ఆపేసినప్పుడు ఆ రాష్ట్రం తన శాఖలను బాస్‌కు మారమంది. 2015 మార్చిలో కేంద్రం ఓపెన్ సోర్స్‌కు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని విధానమే ప్రకటించింది. ఉత్తర్వులు బాగానే ఉన్నాయి. ఉత్తర్వు గుమాస్తా బల్ల దాకా పోతుంది, అతని ఇంటి దాకా పోదు. ఆఫీసులో బాస్ ముందు కూర్చున్నా, సాయంత్రం పిల్లాడికి కొనిచ్చేది విండోస్ పెట్టెనే.

మరి ఎక్కడా నాటుకోలేదా అంటే, నాటుకుంది, కేరళలో. అక్కడ చేసింది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ప్రకటన కాదు. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, కంప్యూటరును హైస్కూల్లో పాఠ్యాంశం చేశారు. పదో తరగతి పరీక్షలో దానికి మార్కులు పెట్టారు. టీచర్ల సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు పట్టుబట్టి బడులన్నింటినీ లినక్స్ మీదికి మళ్లించారు. వేల మంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పాఠం అందులో, ప్రాక్టికల్ అందులో, పరీక్ష అందులో. పదో తరగతి పిల్లాడు పరీక్షలో వచ్చేదాన్ని దేశభక్తి కోసం కాదు, మార్కుల కోసం నేర్చుకుంటాడు. ఇంటికి కంప్యూటర్ కొన్నా అదే ఎక్కించమంటాడు. రంగరాజన్ కమిటీ నాటి బ్యాంకుల కథకు ఇది తమ్ముడు లాంటిది. రెండుచోట్లా సర్కారు కోడ్ రాయడం కన్నా అవసరం పుట్టించడం మీద మనసు పెట్టింది.

హైదరాబాద్‌లో సర్కారు చేయని పనిని కొందరు కుర్రాళ్లు భుజాన వేసుకున్నారు. 2005 ప్రాంతంలో మొదలైన స్వేచ్ఛ సంస్థ, లినక్స్‌ను మెనూలతో సహా తెలుగులోకి తెచ్చి, అదే పేరుతో ఆపరేటింగ్ సిస్టమ్‌గా పంచింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో బృందాలు కట్టి, ఇన్‌స్టాల్ చేయడం నేర్పి, బస్తీల్లో కంప్యూటర్ కేంద్రాలు నడిపింది. చిన్నపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. డబ్బు, ఉత్తర్వు రెండూ లేకుండా ఇంత జరగడం చిన్న సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఒక మంచి పని చేసింది. యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. 2011-12లో సిలికానాంధ్రతో కలిసి ఉచిత యూనికోడ్ తెలుగు ఫాంట్లు తెచ్చింది. ఇవాళ గూగుల్ ఫాంట్లలో కనిపించే మండలి, రామభద్ర, సూరన్న ఆ వరసలోవే. సర్కారు ఆపరేటింగ్ సిస్టమ్‌ల కన్నా ఆ ఫాంట్లే ఎక్కువ దూరం వెళ్లాయని నా నమ్మకం. యూనికోడ్‌లో రాసింది ఏ యంత్రంలోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది కాబట్టి, ఫ్లెక్సీ షాపు అడిగే ప్రశ్నకు అవి సగం జవాబు మరి.

ఎవరి కన్ను ఎవరి మీద

సర్కారు చేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంట్లోకి రానివ్వాలా అన్న అనుమానం కూడా ఊరికే పుట్టింది కాదు. ఉత్తర కొరియాలో కొరియా కంప్యూటర్ సెంటర్ చేసిన రెడ్ స్టార్‌ను చూడండి. అదీ లినక్స్ మీద కట్టిందే. 2013 నాటి మూడో కూర్పు పైకి అచ్చం యాపిల్ మ్యాక్‌లా ఉంటుంది. 2015 డిసెంబరులో హాంబర్గ్‌లో ఫ్లోరియన్ గ్రునోవ్, నిక్లౌస్ షీస్ అనే జర్మన్ పరిశోధకులు దాన్ని విప్పి చూపించారు. పెన్‌డ్రైవ్ పెట్టి ఒక ఫొటోనో డాక్యుమెంటునో తెరిస్తే చాలు, ఆ కంప్యూటర్ గుర్తు కంటికి కనిపించకుండా ఫైలులో చేరిపోతుంది. ఆ ఫైలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తర్వాత తీరిగ్గా లెక్క తీయవచ్చు.

మన బాస్‌కు ఇలాంటి నింద అంటగట్టడం అన్యాయం. దాని మూలం బయట పెట్టిందే. అయినా పాతబస్తీలో ఈ ముచ్చట తీస్తే జనం తేలిగ్గా నమ్మరు. పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి ఫొటోలు తీస్తున్నారని, ముఖాలను గుర్తుపట్టే పరిజ్ఞానానికి చట్టం ఆసరా ఏదని తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది పాతబస్తీ మనిషే. మూలం బహిరంగంగా ఉందన్న మాట ఇంజినీరుకు సరిపోతుంది. కోడ్ చదవలేనివాడికి అది చదివి చెప్పే మనిషి మీద నమ్మకం కావాలి.

ఢిల్లీకి ఉన్న భయం వేరు, అది సైబర్ దాడులది. మొదట్లో కంచన్‌బాగ్ మాట తీసింది అందుకే. 2010లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో అప్పటి అధిపతి వి.కె.సారస్వత్, సైబర్ దాడుల నుంచి కాపాడుకోవడానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నామని ప్రకటించారు. ఆయన అంతకుముందు ఇక్కడి రీసెర్చ్ సెంటర్ ఇమారత్ డైరెక్టరుగా చేసినవారే. బెంగళూరు, ఢిల్లీల్లో యాభై మంది నిపుణులతో పని అన్నారు. ఆ మాట తర్వాత పెద్దగా వినిపించలేదు. 2021లో వరసగా సైబర్ దాడులు జరిగాక డీఆర్‌డీవో, సీ-డాక్, జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం (ఎన్ఐసీ) కలిసి మాయా పని మొదలుపెట్టాయి. ఉబుంటు మీద కట్టారు. విండోస్‌కు అలవాటు పడ్డ ఉద్యోగి తడబడకుండా చూడడానికి అచ్చం విండోస్‌లా కనిపించేలా చేశారు. దానికి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ పేరు చక్రవ్యూహ్. 2023 ఆగస్టు 15 లోపు రక్షణ శాఖ అప్పుడున్న సౌత్ బ్లాక్‌లో ఇంటర్నెట్ తగిలే కంప్యూటర్లన్నింటిలో పెట్టాలన్నది అప్పటి లక్ష్యం. సైన్యానికి ఇది సరైన పనే. అక్కడ ఉద్యోగి ఏం వాడాలో పైవాడు చెబుతాడు, కథ అక్కడితో సరి. ఆ పద్ధతి గల్లీలో చెల్లదు. ఉత్తర్వు ఒక్కటే చాలదని జర్మనీలోని మ్యూనిక్ నగరం కూడా చెప్పింది. 2003లో నిర్ణయించి, పదేళ్లు కష్టపడి నగర కార్యాలయాలను లినక్స్‌కు మార్చింది. 2017లో ఉద్యోగుల ఫిర్యాదులు, రాజకీయాలు కలగలిసి మళ్లీ విండోస్ వైపు తిరిగింది. జర్మన్లకే అంత తేలిక కాలేదు.

ఇప్పుడు మళ్లీ ఒక గడువు దాటింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు చేయూత ఆగింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, దాదాపు 2018 నుంచి వచ్చిన తరాల ప్రాసెసర్ ఉండాలి. పాతబస్తీ నెట్ సెంటర్లలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్టెల్లో చాలావాటికి అవి లేవు. యంత్రం బాగానే ఉంది, పనీ బాగానే చేస్తోంది, దానికి రక్షణే లేదు. ఎక్స్‌పీ పోయినప్పుడు తమిళనాడుకు వచ్చిన అవకాశమే ఇది. ఈసారి కొనే ఖర్చు లేదు, దించుకునే బాస్ సిద్ధంగా ఉంది. మామూలు ప్రింటర్లు, స్కానర్లు ఇప్పుడు లినక్స్‌లో చాలావరకు పెట్టగానే నడుస్తాయి. అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు వచ్చాయి. దరఖాస్తులు, టికెట్లు, బిల్లులు బ్రౌజర్‌లోకి చేరాయి. కోరల్‌డ్రా బదులు ఇంక్‌స్కేప్ ఉంది. ఫ్లెక్సీ ఆపరేటరుకు అది ఒక్క రోజులో అలవడదు, బోనాల సీజన్‌లో అసలే అలవడదు. సంక్రాంతి దాటాక, పని పలచబడ్డ రోజుల్లో పక్కన కూర్చుని చూపించేవాడు ఉంటే అలవడుతుంది.

చూపించేవాడు దూరంలో లేడు. సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం చాంద్రాయణగుట్ట దాటాక శ్రీశైలం హైవే మీద, పహాడీషరీఫ్ దగ్గర హార్డ్‌వేర్ పార్కులో ఉంది. అక్కడి నుంచి ఒక ఇంజినీరు నెలకో ఆదివారం ఒక పెన్‌డ్రైవ్, రెండు మూడు రకాల ప్రింటర్ కేబుళ్లు పట్టుకుని ఛత్రినాకకు వచ్చి కూర్చుంటే చాలు. ఆ పనికి కొత్త కూర్పు, కొత్త పేరు, మంత్రిగారి ఆవిష్కరణ సభ ఏదీ అక్కర్లేదు.